తక్కువ ఖర్చులో వెస్టర్న్ జీను: పాత తోలుదా, కొత్త కార్డురాదా, చౌకగా దొరికే కొత్త తోలుదా?

అమెరికాలో, ముఖ్యంగా టెక్సస్‌లో, కౌబాయ్‌ల వెస్టర్న్ పద్ధతిలో గుర్రపుస్వారీ నేర్చుకునేవారు స్వారీశాల వారి సామగ్రితో పాఠాలు చెప్పించుకున్నంతకాలం జీను సంగతి ఆలోచించనక్కరలేదు. ఒక గుర్రాన్ని లీజుకు తీసుకున్నా, సొంతంగా కొన్నా, జీను, కళ్ళెం, పగ్గాలు మనమే సమకూర్చుకోవాలి. డాలస్‌కు ఉత్తరాన ఉన్న డెంటన్ కౌంటీ గుర్రాల పెంపకానికి పేరుపడ్డ ప్రాంతం. దాని పరిసరాల్లోని ఫ్రిస్కో, ప్రాస్పర్ వంటి ఊళ్ళలో తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో స్థిరపడ్డాయి కనుక, జీను ఎక్కడ కొనాలన్న ప్రశ్న మనవాళ్ళ ఇళ్ళలోనూ వినిపిస్తోంది. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదన్న సామెత ఇక్కడ అక్షరాలా నిజం. శాల అద్దె, మేత, ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి గిట్టలు చెక్కించడం, పశువైద్యుడి బిల్లు, వీటిలో ఏదీ ఆగదు. కాబట్టి సామగ్రిలో పొదుపు చూడాలనుకోవడంలో తప్పులేదు. ఎక్కడ పొదుపు చేయవచ్చు, ఎక్కడ చేస్తే గుర్రం బాధపడుతుంది అన్నదే తేల్చుకోవలసిన విషయం.

టెక్సస్‌లోని యోకమ్ పట్టణంలో తయారయ్యే సర్కిల్ వై వంటి పేరున్న జీనులు కొత్తవి కొనాలంటే 2,000 డాలర్ల పైమాటే. అంత పెట్టలేనివారి ముందు మూడు దారులున్నాయి. మొదటిది, అటువంటి మంచి కంపెనీ జీనునే పాతది కొనడం. రెండవది, కార్డురా అనే గట్టి నైలాన్ గుడ్డతో చేసిన కొత్త జీను కొనడం. మూడవది, ఆన్‌లైన్‌లో మూడు నాలుగు వందల డాలర్లకు, కొన్నిసార్లు కళ్ళెం, పగ్గాలు కూడా కలిపి అమ్మే కొత్త తోలు జీను కొనడం. నా అభిప్రాయం ముందే చెబుతున్నాను: మూడవదాన్ని వదిలేయాలి; మొదటి రెండింటిలో ఏది మేలన్నది గుర్రం వీపును బట్టి, స్వారీ చేసేవారి అవసరాన్ని బట్టి మారుతుంది.

పైకి కనిపించే తోలు, చెక్కిన పువ్వులు, వెండి బిళ్ళలు జీనులో అంత ముఖ్యమైనవి కావు. అసలు జీను దాని లోపల దాగిన చట్రం. ఇక్కడివారు దాన్ని ట్రీ అంటారు. చట్రంలో వెన్నెముకకు రెండు వైపులా పొడుగ్గా సాగే రెండు పలకలు ఉంటాయి, వాటిని బార్లు అంటారు. స్వారీ చేసే మనిషి బరువును విశాలంగా పరచి కండరాల మీదికి చేర్చడం, వెన్నెముకను, ముందువైపు మెడ మొదట్లో ఎత్తుగా ఉండే మూపును తాకకుండా ఉంచడం బార్ల పని. చట్రాన్ని కర్రతో చేసి పచ్చితోలు గానీ ఫైబర్‌గ్లాస్ గానీ తొడగడం పాత పద్ధతి. అచ్చుపోసిన ప్లాస్టిక్‌తో చేసే చట్రాలు చౌక రకాలు. బార్ల వంపు గుర్రం వీపు వంపుతో కలవకపోతే పైన ఎంత ఖరీదైన తోలున్నా ప్రయోజనం లేదు.

బరువు కూడా లెక్కలోకి తీసుకోవాలి. స్వారీ చేసే మనిషి, జీను కలిపి గుర్రం బరువులో 20 శాతం దాటకూడదన్నది చాలామంది పాటించే హద్దు. 450 కిలోల గుర్రానికి అది 90 కిలోలు. తాడు విసిరి పశువులను పట్టేవారి కోసం చేసిన రోపింగ్ జీను ఒక్కటే 18 కిలోలు ఉండవచ్చు. 75 కిలోల మనిషి దానిమీద కూర్చుంటే హద్దు దాటినట్టే. కార్డురా జీను సుమారు అందులో సగం బరువే ఉంటుంది. వారాంతంలో కాలిబాటల వెంట గంటసేపు తిరిగివచ్చే మనిషికి రోపింగ్ జీనుతో పనిలేదు.

మూడవ దారిని వదిలేయమనడానికి అది ఎక్కడ తయారైందన్నది కారణం కాదు. చౌక జీనులలో చాలా భాగం భారతదేశం నుంచి వస్తాయి. కానీ కాన్పూర్ జీనుల పరిశ్రమకు బ్రిటిష్ కాలం నాటి చరిత్ర ఉంది, భౌగోళిక గుర్తింపు ఉంది, అక్కడ చేసిన మంచి సరుకు యూరప్‌కు వెళ్తూనే ఉంది. తప్పంతా అడిగే ధరలో ఉంది. ఒక మంచి జీనుకు కావలసిన దళసరి తోలు, అసలైన గొర్రెబొచ్చు అస్తరు, సరిచూసిన చట్రం, ఇన్నీ పెట్టి ఓడ బాడుగ కూడా చెల్లించి 300 డాలర్లకు అమ్మడం ఎవరికీ సాధ్యం కాదు. అందుకే ఎక్కడో ఒకచోట కోత పడుతుంది. పలచని తోలుకు వేసిన రంగు జీన్స్ ప్యాంటుకు అంటుకుంటుంది; రికాబు పట్టీలు సాగి ఒకటి పొడుగు, ఒకటి పొట్టి అవుతాయి. వీటిని సహించవచ్చు. సహించరానిది చట్రంలో కోత. ఎడమ బారు ఒక ఎత్తులో, కుడి బారు ఇంకో ఎత్తులో ఉన్న జీను వేసుకుని తిరిగే గుర్రం ఏం తప్పు చేసిందో తెలియక నడక మార్చుకుంటుంది, మనం దాన్ని మొండిదంటాం.

పాత జీను సంగతి వేరు. సెయింట్ లూయిస్‌లో 1881 నుంచి నడుస్తున్న హెర్మన్ ఓక్ కర్మాగారంలో చెట్టుబెరడు సారంతో పదును చేసిన తోలు వంటిది వాడిన జీను, నూనె పట్టించి చూసుకుంటే ముప్పై ఏళ్ళు దాటినా చెక్కుచెదరదు. సర్కిల్ వై, క్రేట్స్, బిల్లీ కుక్, టెక్స్ టాన్ వంటి పేర్లున్న పాత జీనులు కొత్త ధరలో మూడో వంతుకో సగానికో దొరకడం అరుదు కాదు. రెండేళ్ళు వాడి తిరిగి అమ్మినా పెట్టిన డబ్బు చాలావరకు వెనక్కి వస్తుంది. అయితే పాత జీను కొనేవాడికి చూసే కన్ను ఉండాలి, లేదా ఉన్నవారిని వెంట తీసుకెళ్ళాలి.

చూడవలసిన తీరు ఇదీ. ముందు జీనును తలకిందులు చేసి గొర్రెబొచ్చును చేత్తో తడమాలి. బొచ్చు రెండు వైపులా సమానంగా అరిగితే అది వాడకం. ఒక్కచోటే బోడిగా ఉంటే అక్కడ ఒత్తిడి పడిందని అర్థం. తరువాత జీనును నిలబెట్టి, ముందున్న కొమ్మును ఒక చేత్తో, వెనకవైపు ఎత్తుగా ఉండే కాంటిల్‌ను మరో చేత్తో పట్టుకుని, రెండింటినీ దగ్గరికి నొక్కాలి. కూర్చునే చోటు మధ్యలో మడతపడుతున్నట్టు పైకి లేచినా, లోపలినుంచి కిర్రుమన్నా చట్రం విరిగిందనే అనుకోవాలి; వంగేలా చేసిన ఫ్లెక్స్ ట్రీ రకాలు మాత్రమే దీనికి మినహాయింపు. అలాగే రెండు బార్లను ముందువైపు పట్టి ఒకదానివైపు ఒకటి నొక్కాలి, కొమ్మును అటూఇటూ కదిపి చూడాలి. ఏది కదిలినా మారు మాట్లాడకుండా తిరిగి ఇచ్చేయాలి, ఎందుకంటే చట్రం మార్పించే కూలితో మరో పాత జీను వస్తుంది. ఆ తరువాత పొట్టకింది పట్టీని బిగించే లాటిగో అనే తోలు పట్టీని, రికాబు పట్టీలను మడిచి చూడాలి. మడత దగ్గర సన్నని పగుళ్ళు కనిపిస్తే ఎండిపోయిన తోలు; ఎంత నూనె పోసినా దానికి బలం తిరిగి రాదు. లాటిగో ఒక్కటే పాడైతే భయపడనక్కరలేదు, కొత్తది తక్కువకే దొరుకుతుంది, పైగా బేరమాడటానికి పనికొస్తుంది.

కార్డురా జీనులో పాత సరుకు తాలూకు అనుమానాలు లేవు. తేలిక, వానలో తడిసినా భయం లేదు, బురద పడితే పైపుతో కడిగేయవచ్చు, నూనె పట్టించే పని లేదు. తోలు మీద బూజు పట్టే తేమ ప్రాంతాల్లో, అంటే హ్యూస్టన్ వంటి చోట, ఇది చిన్న సుఖం కాదు. పన్నెండేళ్ళ పిల్ల తన జీను తానే ఎత్తి గుర్రం మీద వేసుకోగలగడం ఇంకా పెద్ద సుఖం. ఎవరో వేసిపెడితే ఎక్కే పిల్లకన్నా తానే వేసుకుని, తానే బిగించుకునే పిల్ల గుర్రాన్ని త్వరగా అర్థం చేసుకుంటుంది. లోపాలూ ఉన్నాయి. కొత్తలో రికాబు పట్టీలు బిరుసుగా ఉండి మోకాలిని తిప్పుతాయి. నాలుగైదేళ్ళకు అంచులు పీచులేస్తాయి. తిరిగి అమ్మబోతే పెద్దగా పలకదు. కార్డురా అన్న పేరు పైగుడ్డకు మాత్రమే చెందుతుంది కనుక, లోపల కర్ర చట్రమా ప్లాస్టిక్ చట్రమా అని అడిగి తెలుసుకోవడం మరవకూడదు.

ఏది కొన్నా చివరి తీర్పు గుర్రం వీపుదే. సెమీ క్వార్టర్, ఫుల్ క్వార్టర్ అని చట్రాల వెడల్పుకు పేర్లున్నా, ఒక కంపెనీ కొలత మరో కంపెనీ కొలతతో కలవదు. వీపు వెడల్పుగా, మూపు పల్లంగా ఉండే క్వార్టర్ హార్స్‌కు సరిపోయిన జీను, మూపు ఎత్తుగా ఉండే థరోబ్రెడ్‌కు ఎముక మీదే కూర్చుంటుంది. కాబట్టి పదిరోజుల్లో తిరిగి తీసుకునే షరతు మీదనే కొనడం మంచిది. ముందు గుడ్డలేవీ లేకుండా జీనును నేరుగా వీపు మీద పెట్టి, మూపుకూ జీనుకూ మధ్య రెండు మూడు వేళ్ళ సందు ఉందో లేదో, బార్లు చివరి పక్కటెముక దాటి నడుము మీదికి పోతున్నాయో లేదో చూడాలి. తరువాత ఒక పలచని గుడ్డ వేసి ముప్పావుగంట స్వారీ చేసి, జీను దించి చెమట మరక చదవాలి. వెన్నెముక వెంబడి పొడిగా ఉండి, దానికి ఇరుపక్కలా ఒకే తీరున తడి ఉంటే సంతోషించవచ్చు. తడి మధ్యలో రూపాయి బిళ్ళంత పొడి మచ్చ ఉంటే, అక్కడ బారు గట్టిగా నొక్కి చెమట రాకుండా ఆపిందనో, అసలు తాకనే లేదనో అర్థం. ఏదో తేల్చుకోవడానికి ఆ మచ్చను వేలితో మెల్లగా నొక్కాలి; గుర్రం వీపు కిందికి దించినా, చెవులు వెనక్కి మడిచినా మొదటిదే. కొన్ని గుర్రాల మూపు మీద తెల్లవెంట్రుకల మచ్చ కనిపిస్తుంది. అది చాలావరకు ఏనాడో ఎవరి జీనో చేసిన గాయం తాలూకు గుర్తు.

ఈ లెక్కన, గుర్రం సొంతమై, వీపు కొలత తెలిసి, చూపించడానికి అనుభవజ్ఞులు ఉంటే పాత తోలు జీనే మేలు. ఎదిగే పిల్లలకు, బరువు ఎత్తలేనివారికి, వానలో తిరిగేవారికి కార్డురా మేలు. లీజు గుర్రానికైతే యజమాని జీనే అడిగి వాడుకోవడం అన్నిటికన్నా మేలు, అది ఆ వీపుకు సరిపోయి ఉంటే.

జీనులో మిగిలిన డబ్బులో కొంత దానికింద వేసే గుడ్డకు, పొట్టకింది పట్టీకి కేటాయించాలి. ముప్పావు అంగుళం నుంచి అంగుళం మందాన ఉన్ని ఫెల్ట్ గుడ్డ చాలు. సరిపోని జీనును సరిచేద్దామని రెండు గుడ్డలు వేయడం, ఇరుకు చెప్పులోకి మందపాటి మేజోళ్ళు తొడగడం వంటిదే. పట్టీల్లో నియోప్రీన్ అనే కృత్రిమ రబ్బరు రకం కడగడానికి సులువు కానీ వేడి పట్టి కొన్ని గుర్రాలకు చర్మం కమిలిపోతుంది. అంగోరా మేకల బొచ్చుతో, అంటే మోహేర్‌తో, అల్లిన తాళ్ళ పట్టీ గాలి ఆడనిస్తుంది, చెమట పీలుస్తుంది. అమెరికా మోహేర్‌లో అధిక భాగం టెక్సస్‌దే కనుక ఇక్కడ మంచిది వెతుక్కోవడం కష్టం కాదు.

నోట్లో పెట్టే ఇనుము, అంటే బిట్, విషయంలో పోలిక ధరల మధ్య కాదు. స్నాఫిల్ అనే సాదా బిట్‌లో పగ్గం ఉంగరానికి నేరుగా తగులుతుంది. చేత్తో ఎంత లాగితే నోటికి అంతే తెలుస్తుంది. కర్బ్ రకంలో నోటికి కిందుగా దిగే కడ్డీలు ఉంటాయి. కడ్డీలో నోటికి పైనున్న భాగం అంగుళంన్నర, కిందున్న భాగం నాలుగున్నర అంగుళాలైతే చేతి లాగుడు మూడింతలై దవడకు చేరుతుంది. పళ్ళు లేని చోట, పలచని చర్మం కింద ఎముక మీద ఆ బరువు పడుతుంది. చౌక సెట్లలో తరచుగా వచ్చే టామ్ థంబ్ బిట్‌కు, చాలా స్నాఫిళ్ళకు ఉన్నట్టే, మధ్యలో కీలు ఉంటుంది కనుక చాలామంది దాన్ని స్నాఫిలే అనుకుంటారు. కడ్డీలున్నందున అది కర్బ్ రకమే, అందులోనూ మోటుది. నేర్చుకునే చేతికి స్నాఫిల్ మేలు, దానికి ఎక్కువ ఖర్చూ కాదు. గుర్రం ఆగడం లేదని ఇంకా గట్టి బిట్ కొనేవారిని చూస్తుంటాం. ఆపడం నేర్పకుండా ఇనుము మార్చడమంటే వినని గుర్రం చెవిలో అరవడమే.

వకేరోలు, అంటే కాలిఫోర్నియాలోని స్పానిష్ సంప్రదాయపు పశువుల కాపరులు, పచ్చితోలుతో అల్లిన బోసాల్ అనే పట్టీని ముక్కుకు మాత్రమే కట్టి గుర్రానికి ఏళ్ళతరబడి నేర్పేవారు. అన్నీ వచ్చాకే, ఆఖరున, గరిటెలాంటి పలక ఉండే, నగిషీ చెక్కిన స్పేడ్ బిట్ నోట్లోకి వచ్చేది. అమెరికన్ గుర్రపు శిక్షకులు టామ్ డోరెన్స్ (1910–2003), ఆయన దగ్గర నేర్చుకున్న రే హంట్ (1929–2009) ఈ రోజు గుర్రంతో మెలిగే మంచి పద్ధతి అని చెప్పుకునేదానికి ఆద్యులు. వారు చూపిన పద్ధతిలో గుర్రానికి పాఠం చెప్పేది లాగడం కాదు, వదలడం. వెనక్కి ఒక అడుగు కావాలంటే పగ్గాన్ని కాస్త బిగించి ఆగాలి. గుర్రం బరువు వెనక్కి వాల్చిన క్షణానే, అడుగు పడకముందే, వేళ్ళు సడలించాలి. ఆ సడలింపు అర సెకను ఆలస్యమైతే గుర్రం ఇంకేదో నేర్చుకుంటుంది. ఇది చూసి సరిదిద్దే గురువు పాఠానికి గంటకు 50 నుంచి 80 డాలర్లు తీసుకున్నా, వెండి బిళ్ళల కళ్ళేనికన్నా అక్కడ ఖర్చు పెట్టడమే మేలు.

తలకు కట్టే హాల్టర్ల సంగతి తేలికే. సన్నని తాడుతో ముడులు వేసిన రోప్ హాల్టర్ చౌక, నేల మీద నేర్పడానికి చక్కగా పనికొస్తుంది. కానీ అది తెగదు కనుక దానితో గుర్రాన్ని పచ్చికలో వదలకూడదు. వదిలేటప్పుడు చెవుల వెనక పట్టీ తోలుదై, చిక్కుకుంటే తెగే రకం కావాలి.

ఇంతసేపూ పాతదాన్ని సమర్థించినా, హెల్మెట్ విషయంలో మాత్రం అది వర్తించదు. దాని లోపలి నురుగు ఒక్కసారి దెబ్బను మింగాక మళ్ళీ మింగలేదు, ఆ సంగతి పైకి కనిపించదు. గుర్రపుస్వారీ హెల్మెట్ల భద్రతకు పెట్టిన ఏఎస్‌టీఎం ఎఫ్ 1163 ప్రమాణం, దాన్ని పరీక్షించి ధ్రువీకరించే ఎస్‌ఈఐ సంస్థ ముద్ర ఉన్న కొత్త హెల్మెట్లు తక్కువ ధరల్లోనూ దొరుకుతాయి. వెస్టర్న్ స్వారీలో టోపీయే పెట్టుకునే పెద్దలు చాలామంది కనిపిస్తారు, పిల్లలు వారిని చూసి అదే అడుగుతారు. టోపీ ఫొటో కోసం కొనివ్వండి, ఎక్కేటప్పుడు హెల్మెట్ పెట్టించండి.