మేనేజర్ ప్రమోషన్ ఇంటర్వ్యూకి మాక్ ప్యానెల్: దేనికి డబ్బు కట్టాలి, దేనికి అక్కర్లేదు

బ్యాంకులో స్కేల్-1 ఆఫీసరు హోదా నుంచి స్కేల్-2 మేనేజర్‌గా ప్రమోషన్ ఇంటర్వ్యూ కోసం, హైదరాబాద్‌లో కొందరు రిటైర్డ్ బ్యాంకు ఆఫీసర్లు కలిసి ఆన్‌లైన్‌లో నడిపే కోచింగ్ తీసుకున్నాను. పేరు ఇక్కడ రాయను. మాక్ ఇంటర్వ్యూ (అసలు దానికి ముందు సాధన కోసం పెట్టే ఉత్తుత్తి ఇంటర్వ్యూ) కోసమైతే కళ్లు మూసుకుని చేరొచ్చు, మెటీరియల్ కోసమైతే మాత్రం ఒక్క రూపాయి కూడా పెట్టొద్దు.

ముందు మెటీరియల్ సంగతి. లావుపాటి పీడీఎఫ్ పంపుతారు, కానీ అందులో సగం పాత సరుకే. తాకట్టు లేకుండా ఇచ్చే వ్యవసాయ రుణాల పరిమితి ఇంకా 1.60 లక్షలనే ఉంది. రిజర్వు బ్యాంకు దాన్ని 2025 జనవరి 1 నుంచి 2 లక్షలు చేసింది కదా! ముద్రా రుణాలూ అంతే, 10 లక్షల దగ్గరే ఆగిపోయాయి, 20 లక్షల దాకా ఇచ్చే తరుణ్ ప్లస్ ఊసే లేదు. బ్రాంచ్‌లో రోజూ అప్పులిచ్చే ఆఫీసరు ప్యానెల్ ముందు పాత అంకె చెబితే ఎంత చెడ్డగా ఉంటుందో ఆలోచించండి. మీ బ్యాంకు సర్క్యులర్లు చదువుకోండి, అది చాలు.

ఇక మాక్. ముగ్గురు కూర్చుంటారు, ఒకాయన క్రెడిట్ (అప్పుల విభాగం), ఒకాయన హెచ్‌ఆర్, ఒకాయన జోనల్ ఆఫీసులో చేసి రిటైరైనవారు. నేను ఏ కాలేజీలో చదివానో చెప్పడం మొదలుపెట్టగానే ఆపి, "అది మీ బయోడేటాలో ఉందమ్మా, మీ బ్రాంచ్ గురించి చెప్పండి" అన్నారు. డిపాజిట్లు ఎంత, అడ్వాన్సులు (ఇచ్చిన అప్పులు) ఎంత, కాసా (డిపాజిట్లలో కరెంట్, సేవింగ్స్ ఖాతాల వాటా) ఎంత శాతం, ఎస్‌ఎంఏ-2లో ఎన్ని ఖాతాలున్నాయి, అంటే బాకీ కట్టాల్సిన తేదీ పోయి 60 రోజులు దాటి ఇంకో నెలలో ఎన్‌పీఏ (మొండి బాకీ) అయ్యేవి, వాటిలో ఈ వారం ఎవరి ఇంటికి వెళ్లారు, వాళ్లు ఏమన్నారు... ఇలా అడుగుతూనే ఉంటారు. పుస్తకంలో దొరకని ప్రశ్నలివి. మేనేజర్ కుర్చీలో కూర్చోబోయేవాళ్లని అడగాల్సినవి కూడా ఇవేనని నాకు గట్టిగా అనిపించింది.

క్రెడిట్ సార్ వేసిన ఒక ప్రశ్న చెప్తాను. ఒక రైతు మూడెకరాల పొలం తనఖా పెట్టి అప్పు తీసుకున్నాడు, ఖాతా ఎన్‌పీఏ అయింది, సర్ఫేసీ (తనఖా ఆస్తిని కోర్టుకి వెళ్లకుండానే బ్యాంకు స్వాధీనం చేసుకోనిచ్చే చట్టం) కింద నోటీసు ఇస్తారా? అవును, ఆ చట్టం 13(2) సెక్షన్ నోటీసు, 60 రోజుల గడువు అని గడగడా చెప్పేయాలనిపిస్తుంది. కానీ వ్యవసాయ భూమికి ఆ చట్టం వర్తించదు. అది చెప్పాక కూడా ఆయన వదల్లేదు, మరి ఏం చేస్తారు అన్నారు. పంట పోయిందా, ధర పడిపోయిందా, ఇంట్లో ఏదైనా ఖర్చు వచ్చిపడిందా అని ముందు కనుక్కోవడం, రీషెడ్యూల్‌కి (వాయిదాల గడువు మార్చడానికి) అవకాశం ఉందా, లేకపోతే లోక్ అదాలత్, వన్ టైమ్ సెటిల్‌మెంట్ (కొంత తగ్గించి ఒకేసారి కట్టించుకోవడం)... ఈ వరుసలో నా చేత చెప్పించారు.

ఇంకొకరి మాక్ కూర్చుని చూడనిస్తారు, అది నాకు బాగా నచ్చింది. గుంటూరు వైపు నుంచి వచ్చిన ఒకావిడని హెచ్‌ఆర్ సార్ అడిగారు, క్లర్కు రోజూ పదిన్నరకి వస్తాడు, పనిలో చురుకైనవాడు, యూనియన్‌లో పలుకుబడి ఉంది, ఏం చేస్తారని. "కౌన్సెలింగ్ చేస్తాను సార్" అంది. "ఏమని? నేనే ఆ క్లర్కుని, మాట్లాడండి." ఆవిడ టైమ్ గురించి మొదలుపెట్టగానే ఈయన, "మా అమ్మకి డయాలసిస్ మేడమ్, పొద్దున్నే దించి రావాలి" అన్నారు. ఆవిడ ఒక్క క్షణం ఆగి, ఏయే రోజులు వెళ్లాలి అని అడిగింది, ఆ రోజుల్లో క్యాష్ కౌంటర్ ఇంకొకరికి ఇచ్చి, మిగతా రోజులు మాత్రం టైమ్‌కి రావాలని స్పష్టంగా చెప్పింది. ముగ్గురూ మెచ్చుకున్నారు. మనుషులతో పని చేయించడం అంటే ఏమిటో నాకు అక్కడే అర్థమైంది.

ఇంగ్లీషు గురించి భయపడేవాళ్లకి ఒక మాట, వీళ్లు గ్రామర్ పట్టుకుని చంపరు. చిన్న చిన్న వాక్యాలు, సూటిగా, అంకెతో చెప్పమంటారు.

లోపాలూ ఉన్నాయి. రికార్డింగ్ వారం తర్వాత గానీ రాలేదు, అడగ్గా అడగ్గా పంపారు. రెండో మాక్‌కి విడిగా కట్టాలన్న సంగతి ముందు చెప్పరు. వాట్సాప్ గ్రూపులో గుడ్ మార్నింగ్‌లే ఎక్కువ.

చేరేటప్పుడు ప్యానెల్‌లో క్రెడిట్ చూసినవాళ్లు ఉంటారా అని తప్పకుండా అడగండి, అందరూ హెచ్‌ఆర్ వాళ్లయితే ఫీజు దండగ. పల్లెటూరి బ్రాంచ్‌లో ఉండి ఆదివారమే వీలయ్యేవాళ్లు ప్రమోషన్ నోటిఫికేషన్ వచ్చేదాకా ఆగకుండా బుక్ చేసుకోండి, ఆ తర్వాత ఆదివారం స్లాట్లు దొరకడం కష్టం.