ఒక్కరోజు సేవ, సెమిస్టర్ ప్రాజెక్టు, సెలవుల శిబిరం: విద్యార్థికి ఏది మేలు?

పర్యావరణాన్ని, వనరులను కాపాడే సామాజిక సేవలోకి విశ్వవిద్యాలయాలు విద్యార్థులను ప్రధానంగా మూడు దారుల్లో తీసుకువెళ్తున్నాయి. మొదటిది మొక్కలు నాటడం, తీరం శుభ్రం చేయడం వంటి ఒక్కరోజు కార్యక్రమం. రెండోది ఒక కోర్సుతో ముడిపడి, క్రెడిట్లు ఉండి, సెమిస్టర్ పొడవునా వారం వారం సాగే ప్రాజెక్టు. మూడోది సెలవుల్లో కొన్ని వారాలు ఒక సముదాయం మధ్యనే ఉండి పనిచేసే శిబిరం. వీటిని తూచేటప్పుడు విద్యార్థి ఏం నేర్చుకున్నాడన్నది ఎంత ముఖ్యమో, అక్కడివారికి ఏం మిగిలిందన్నదీ అంతే ముఖ్యం. నేటి అవసరాలు తీరాలి గాని రేపటి తరాలు తమ అవసరాలు తీర్చుకునే శక్తి తగ్గకూడదని ఐక్యరాజ్యసమితి ఏర్పాటు చేసిన బ్రంట్‌లాండ్ కమిషన్ 1987లో సుస్థిరాభివృద్ధికి నిర్వచనం ఇచ్చింది. ఆ మాట పేరు మీద చేసే పని విద్యార్థులు వెళ్లిపోయిన మర్నాడే ఆగిపోతే, దాన్ని సుస్థిరత పాఠం అనలేము.

ఒక్కరోజు కార్యక్రమానికి ఉన్న బలం సంఖ్య. వందల మంది ఒకేసారి రాగలరు. ఇలాంటి పనిలో ఎన్నడూ పాల్గొనని మొదటి సంవత్సరం విద్యార్థికి కూడా అది సులువైన ప్రవేశం. అయితే ప్రతి అనుభవమూ విద్య కాదని అమెరికా విద్యా తత్వవేత్త జాన్ డ్యూయీ 1938లోనే చెప్పారు. అనుభవం, దాని గురించి ఆలోచన, అందులోంచి సూత్రీకరణ, మళ్లీ ప్రయోగం అనే నాలుగు దశల చక్రంగా అభ్యసనాన్ని 1984లో అమెరికా విద్యా సిద్ధాంతకర్త డేవిడ్ కోల్బ్ వివరించారు. మొక్కలు నాటే రోజు ఈ చక్రంలో మొదటి మెట్టు దగ్గరే ముగిసిపోతుంది. మొక్కకు అసలు పరీక్ష నాటిన తరువాతి రెండు మూడేళ్ల నీరు, కాపలాలో ఉంటుంది. ఆ పరీక్షను విద్యార్థి చూడనే చూడడు. ఒక్కరోజు పనినీ చదువుగా మార్చే దారి లేకపోలేదు. 1986లో అమెరికాలోని టెక్సాస్ తీరంలో మొదలై తరువాత అనేక దేశాలకు పాకిన తీర పరిశుభ్రత కార్యక్రమంలో, ఏరిన ప్రతి వస్తువునూ రకాలవారీగా లెక్కించి నమోదు చేశారు. చెత్తను ఏరి సంచిలో వేయడంతో ఆగిపోకుండా, అది ఎక్కడి నుంచి వస్తోందన్న ప్రశ్న అక్కడే పుడుతుంది.

సెమిస్టర్ ప్రాజెక్టులో ఆ ప్రశ్నకు జవాబు వెతికే వ్యవధి ఉంటుంది. ఒక వసతిగృహపు వంటశాల వ్యర్థాలను కంపోస్టుగా మార్చే పనిని తీసుకుందాం. కుప్పలో నత్రజని ఒక పాలు ఉంటే కర్బనం 25 నుంచి 30 పాళ్లు ఉండాలని పుస్తకంలో చదివిన విద్యార్థికి, తడి వ్యర్థాలు ఎక్కువై కుప్ప కంపు కొట్టినప్పుడు గాని ఆ నిష్పత్తికి అర్థం తెలియదు. ఎండుటాకులు కలిపి, కుప్పను తిరగవేసి, లోపలి వేడి 55 డిగ్రీల సెల్సియస్‌కు చేరి కొన్ని రోజులు నిలిచిందో లేదో థర్మామీటరుతో చూసుకున్నప్పుడు రసాయన శాస్త్రం అతనికి సొంతమవుతుంది. అంతకంటే విలువైన పాఠం మరొకటి ఉంది. తడి, పొడి చెత్త వేరు చేయడం వల్ల పారిశుద్ధ్య కార్మికురాలిపై ఎంత అదనపు పని పడుతోంది, ఆ పనికి ఆమె సమ్మతి ఎవరైనా అడిగారా అన్న ప్రశ్నలు వారం వారం అక్కడికి వెళ్లేవారికే ఎదురవుతాయి. పర్యావరణ సమస్య సాంకేతిక సమస్య మాత్రమే కాదని అప్పుడే తెలిసివస్తుంది.

దీని లోపం కూడా కాలానిదే. అనుమతులకు, పరిచయాలకు మూడు నాలుగు వారాలు గడిచిపోతాయి. కుప్ప పండడానికి రెండు మూడు నెలలు కావాలి. ఎరువు చేతికొచ్చే సమయానికి పరీక్షలు ముంచుకొస్తాయి.

సెలవుల శిబిరంలో లోతు ఉంది. నీటి కొరత గురించి చదవడం వేరు, ఆ కొరత ఉన్నచోట ఉండి రోజు గడపడం వేరు. కానీ వచ్చినవారికి వసతి, భోజనం, పర్యవేక్షణ సమకూర్చే భారం ఆతిథ్యమిచ్చేవారిపైనే పడుతుంది. 1968లో మెక్సికోలోని క్వెర్నవాకాలో సామాజిక విమర్శకుడు ఇవాన్ ఇలిచ్ అమెరికా నుంచి సేవకు వచ్చిన విద్యార్థులతో మాట్లాడుతూ, నేర్చుకోవడానికి రండి గాని సహాయం చేయడానికి రావద్దని కోరడం ఈ సందర్భంలో నేటికీ ఆలోచించదగినది. సెలవుల్లో పనిచేసి ఫీజు కూడబెట్టుకునే విద్యార్థికి ఈ దారి మూసుకుపోతుందన్నది కూడా మరువరాదు.

నా అభిప్రాయంలో సెమిస్టర్ ప్రాజెక్టే మేలు, అయితే ఒక షరతు మీద. స్థలం మారకూడదు, విద్యార్థులు మారాలి. విభాగం ఒకే సముదాయంతో ఏళ్ల తరబడి సంబంధం నిలుపుకుని, ఒక బ్యాచ్ రాసిన నమోదు పుస్తకాన్ని తరువాతి బ్యాచ్‌కు అప్పగించాలి. ఏ పని చేపట్టాలో నిర్ణయించడంలోనూ, అది ఎలా జరిగిందో అంచనా కట్టడంలోనూ అక్కడివారి మాటకు బలం ఉండాలి. మార్కులను విజయానికి ఇస్తే విద్యార్థులు వైఫల్యాన్ని దాచిపెడతారు కనుక, నమోదులోని నిజాయితీకి, కారణాల విశ్లేషణకు ఇవ్వాలి. అప్పుడు ఒక్కరోజు కార్యక్రమం ఈ ప్రాజెక్టుకు పరిచయంగా, శిబిరం అందులో రాణించిన కొద్దిమందికి తరువాతి మెట్టుగా ఉపయోగపడతాయి.

అలాంటి కొనసాగింపుకు హామీ ఇవ్వలేని విభాగం, నిర్వహణ అవసరమయ్యే నిర్మాణాల జోలికి వెళ్లకుండా కొలత పనులను ఎంచుకోవడం మంచిది. వారం రోజుల చెత్తను రకాలవారీగా తూకం వేయవచ్చు. కారే కుళాయిల నష్టాన్ని లెక్కకట్టవచ్చు. పావు మిల్లీలీటరు చుక్క సెకనుకొకటి చొప్పున కారితే ఒక్క కుళాయి నుంచే రోజుకు 21.6 లీటర్లు పోతాయి. భవనంలోని కుళాయిలన్నిటినీ ఇలా కొలిచి, ఏది ముందుగా మరమ్మతు చేయాలో వరుసగా రాసిన పట్టికను నిర్వాహకులకు అందిస్తే, ఆ పని సెమిస్టర్‌లోనే పూర్తవుతుంది. విద్యార్థులు వెళ్లిపోయాక దాన్ని పోషించవలసిన బాధ్యత ఎవరి మీదా పడదు.