స్కూలు ముందు రోడ్డుకి ఏది మేలు: రోడ్డు మీద వేసే రంగుల బొమ్మలా, మలుపులో పాతే ప్లాస్టిక్ పోస్టులా, స్పీడ్ బ్రేకరా?

డబ్బు కొద్దిగానే ఉంది, పిల్లలు రోజూ ఆ రోడ్డే దాటాలి. అలాంటప్పుడు ముందు మలుపు సంగతి చూడాలని నా అభిప్రాయం.

రెండో తరగతి పిల్లాడు మలుపులో ఆగి ఉన్న కారు వెనక నిలబడితే వచ్చే బండివాడికి కనపడడు. వాడికీ బండి కనపడదు. చూడాలంటే రెండడుగులు రోడ్డు మీదికి రావాలి, ప్రమాదం జరిగేది అక్కడే. అమెరికాలో న్యూజెర్సీ చట్టం క్రాసింగ్‌కి 25 అడుగుల లోపు బండి ఆపొద్దంటుంది. చట్టం ఉన్నంత మాత్రాన ఎవరూ ఆపకుండా ఉండరు కదా! అందుకే ఆ రాష్ట్రంలోని హోబోకెన్ ఊరు మూలల్లో పెయింట్ వేసి, వంగే ప్లాస్టిక్ పోస్టులు పెట్టి, అక్కడ బండి ఆపే వీలే లేకుండా చేసింది. 2017 జనవరి తర్వాత 2023 చివరిదాకా అక్కడ రోడ్డు ప్రమాదంలో ఒక్కరూ చనిపోలేదు. స్పీడ్ లిమిట్ తగ్గించడం లాంటివీ తోడయ్యాయి కాబట్టి ఘనతంతా పోస్టులదే అనను. కానీ పోస్టులతో ఇంకో మేలుంది: మలుపు ఇరుకై, బండి తిప్పాలంటే బ్రేక్ వేయక తప్పదు.

బొమ్మల్నీ తీసిపారేయలేం. బ్లూమ్‌బర్గ్ ఫిలాంత్రపీస్ అనే అమెరికా దాతృత్వ సంస్థ 2022లో విడుదల చేసిన అధ్యయనంలో, రోడ్డు మీద చిత్రాలు వేసిన 17 చోట్ల పాదచారులు, సైకిళ్లవాళ్లకి జరిగే ప్రమాదాలు సగానికి తగ్గాయి. చూసినవి 17 చోట్లే అన్నది మరవకూడదు. గాల్లో తేలినట్టు కనిపించేలా గీసే 3డి జీబ్రా క్రాసింగ్‌ని మాత్రం నేను నమ్మను. మొదటిరోజు బ్రేక్ వేసినవాడు వారం తర్వాత వేయడు. బొమ్మలు పోస్టుల లోపలి ఖాళీలో, ఇసుక కలిపిన పెయింట్‌తో వేయాలి, లేకపోతే వానలో కాళ్లు, బండ్లు జారతాయి. జీబ్రా గీతలు తెల్లగానే ఉండనివ్వాలి.

ఊరి మధ్య నుంచి తిన్నగా పోయే రోడ్డైతే లెక్క వేరు. అక్కడ సమస్య వేగం, దానికి స్పీడ్ బ్రేకరే కావాలి. రోడ్ల ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ దానికి చెప్పిన కొలత 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు. మనవాళ్లు చాలాచోట్ల పోసేది నిటారు గట్టు, పైగా దానికి పెయింట్ ఉండదు. రాత్రిపూట బైకు మీద వచ్చేవాడి ప్రాణం మీదికొస్తుంది.

మన ఊళ్లలో ఆ మూలన ఉండేది ఆటోలు, పానీపూరీ బండి. వాళ్లకి కాస్త అవతల చోటు చూపించాకే పోస్టులు పెట్టాలి. వాళ్ల పొట్ట కొట్టి పెట్టిన పోస్టు ఎన్నాళ్లో నిలవదు.