గ్రానైట్ ఫ్యాక్టరీలో పాత కంప్యూటర్లు: దేన్ని బాగుచేయించాం, దేన్ని మార్చాం

చీమకుర్తి దగ్గర గెలాక్సీ గ్రానైట్ బ్లాకులను కోసి పాలిష్ పట్టే ఒక ఫ్యాక్టరీలో లెక్కలు చూడడం నా ఉద్యోగం. ఆఫీసులోనూ కాటా గదిలోనూ ఉన్న సిస్టమ్‌ల బాగోగులు కూడా ఏళ్ల తరబడి నేనే చూస్తున్నాను. పాతదానికే కొంత ఖర్చు పెట్టాలా, తీసేసి కొత్తది కొనాలా అని యజమాని గారు అడిగినప్పుడల్లా నేను చూసేవి రెండే విషయాలు. పనికి అడ్డుపడుతున్న భాగం ఏది? మిగతా భాగాలను కదపకుండా దాన్ని ఒక్కదాన్నే మార్చవచ్చా? కొని ఎన్నేళ్లయిందన్న లెక్క ఆ తరువాతే వస్తుంది.

లెక్కల సిస్టమ్ నాలుగో తరం ఐ3 ప్రాసెసర్, హెచ్81 మదర్‌బోర్డు, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్‌డిస్క్‌తో వచ్చింది. విండోస్ 10 వేసిన తరువాత అది నానాటికీ నెమ్మదించి, మార్చి నెలాఖరులో ట్యాలీలో ఏడాది లెక్కలు తీసే సమయానికి చేయి కదపనివ్వని స్థితికి చేరింది. ప్రాసెసర్ పాతబడిందని, మొత్తం మార్చేయమని చాలామంది చెప్పారు. అయితే టాస్క్ మేనేజర్ తెరిచి చూస్తే ప్రాసెసర్ చాలావరకు ఖాళీగానే ఉంది, డిస్క్ మాత్రం నూరు శాతం దగ్గర నిలిచిపోయి ఉంది. హార్డ్‌డిస్క్ నిమిషానికి 7200 సార్లు తిరుగుతుంది కాబట్టి ఒక చుట్టు పూర్తి కావడానికి 8 మిల్లీసెకన్లకు పైగా పడుతుంది. చిన్నచిన్న ఫైళ్లను వందల సంఖ్యలో చదవాల్సి వచ్చినప్పుడు దాని సమయమంతా తలను అటూఇటూ జరపడానికి, పళ్లెం తిరిగి రావడానికే సరిపోతుంది. హార్డ్‌డిస్క్‌కు బదులు వాడే, చిప్పులతో చేసిన, తిరిగే భాగమే లేని ఎస్ఎస్‌డీలో ఆ ఎదురుచూపు ఉండదు. హెచ్81 బోర్డులో డిస్క్‌లు తగిలించే సాటా పోర్టుల్లో సెకనుకు 6 గిగాబిట్ల వేగం గలవి రెండు ఉన్నాయి కనుక మామూలు సాటా ఎస్ఎస్‌డీ అక్కడ తన పూర్తి వేగంతో, అంటే సెకనుకు దాదాపు 500 మెగాబైట్లు చదవగలదు. ఒక ఎస్ఎస్‌డీ, ఖాళీగా ఉన్న రెండో స్లాటులో మరో 4 జీబీ డీడీఆర్3 ర్యామ్ వేయించాం. కొత్త సిస్టమ్ ధరలో అయిదో వంతు కూడా కాని ఆ ఖర్చుతో అది అప్పటి నుంచి ఏళ్లపాటు రోజంతా విసుగు లేకుండా పనిచేసింది. మేము పెట్టిన ఖర్చులన్నింటిలోనూ ఇంత ఫలితం ఇచ్చినది మరొకటి లేదు.

మా దగ్గర కంప్యూటర్లను అసలు చంపేది దుమ్ము. పాలిష్ పట్టేటప్పుడు నీళ్లతో కలిసి పారే రాతి బురద ఎండిపోయి సన్నని బూడిదరంగు పొడిగా మారుతుంది, ఆఫీసు తలుపులు ఎంత మూసినా లోపలికి వస్తుంది. సీపీయూ డబ్బా విప్పితే ప్రాసెసర్ మీది ఫ్యాను కింద, హీట్‌సింక్ రెక్కల మధ్య ఈ పొడి గడ్డకట్టి, గాలి దూరే సందు లేకుండా చేసి ఉంటుంది. వేడి పెరిగితే ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది, దాన్నే మనం సిస్టమ్ పాతబడిందని అనుకుంటాం. ఫ్యాను రెక్కను వేలితో ఆపిపట్టి బ్లోయర్‌తో ఊదించడం, ప్రాసెసర్ వేడిని హీట్‌సింక్‌కు చేరవేసే థర్మల్ పేస్టు ఎండిపోతే దాన్ని తుడిచి కొత్తది రాయడం, ర్యామ్ కాళ్లను పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది మళ్లీ బిగించడం: కొత్తది కొనాలని నిర్ణయించే ముందు ఇవి తప్పకుండా చేయించాలి. బోర్డు మీద నాణెం ఆకారంలో ఉండే సీఆర్2032 బ్యాటరీనీ మరచిపోకూడదు. అది అయిపోతే కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ తేదీ ఏళ్ల వెనక్కు వెళుతుంది, తేదీ తప్పుగా ఉంటే సురక్షితమైన వెబ్‌సైట్లేవీ తెరుచుకోవు. సరుకు విలువ 50,000 రూపాయలు దాటితే ఈ-వే బిల్లు లేకుండా లోడు కదలకూడదు. ఒకసారి లోడు ఎత్తిన లారీ గేటు దగ్గర నిలిచి ఉండగా పోర్టల్ తెరుచుకోకపోవడానికి కారణం ఈ చిన్న బ్యాటరీయే.

అంత బాగా పనిచేసిన సిస్టమ్‌ను లెక్కల బల్ల మీది నుంచి తీసేయడానికి కారణం వేగం కాదు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కావాలి, ఇంటెల్‌లో ఎనిమిదో తరమో ఆ పైదో అయిన ప్రాసెసర్ కావాలి. నాలుగో తరానికి అందులో చోటు లేదు. ఈ తనిఖీలను తప్పించి కూడా విండోస్ 11 వేసి ఇస్తామని చెప్పేవారు ఉన్నారు. ఇంట్లో పిల్లలు చదువుకునే సిస్టమ్ అయితే వారి ఇష్టం. బ్యాంకు లావాదేవీలు, జీఎస్‌టీ లాగిన్, కూలీల జీతాలు నడిచే సిస్టమ్‌లో, రేపు అప్‌డేట్ వస్తుందో రాదో తెలియని ఏర్పాటును నేను ఒప్పుకోలేదు. ఇక ప్రాసెసర్ ఒక్కటే మార్చే వీలు లేదు. ఆ బోర్డు సాకెట్‌లో కొత్త తరం ప్రాసెసర్ కూర్చోదు, బోర్డు మారిస్తే డీడీఆర్3 ర్యామ్ పనికిరాదు. బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ మూడూ మార్చాల్సి వచ్చినప్పుడు అది బాగుచేయించడం కాదు, పాత డబ్బాలో కొత్త సిస్టమ్ కొనడమే. కోత యంత్రాల మోటార్లు మొదలైన ప్రతిసారీ ఓల్టేజీ ఊగిసలాటను భరించిన పాత ఎస్ఎంపీఎస్‌ను, అంటే బోర్డుకు కరెంటు అందించే పెట్టెను నమ్మి దాని మీద కొత్త బోర్డు పెట్టడం నాకు సబబుగా తోచలేదు.

అందుకని ఒంగోలులో పన్నెండో తరం ఐ3తో, 16 జీబీ ర్యామ్, సాటా కంటే వేగమైన ఎన్‌వీఎంఈ రకం ఎస్ఎస్‌డీ వేయించి కొత్తది తీసుకున్నాం. ట్యాలీ వరకే చూస్తే, ఎస్ఎస్‌డీ వేసిన పాత సిస్టమ్‌కూ దీనికీ మధ్య తేడా మేము ఊహించినంత లేదు. ఒకేసారి నాలుగైదు పోర్టళ్లు, పెద్ద పీడీఎఫ్‌లు, ఎక్సెల్ షీట్లు తెరిచి ఉంచినప్పుడు మాత్రం తేడా స్పష్టంగా కనిపిస్తుంది. పాతదాన్ని నెట్ తీసేసి యార్డులో బ్లాకుల కొలతలు ఎక్కించే పనికి పెట్టాం, అక్కడ అది నిక్షేపంగా ఉంది.

సెకండ్ హ్యాండ్‌లో కొనాలనుకునేవారు ఐ5, ఐ7 అన్న స్టిక్కరును చూసి మురిసిపోవద్దని నా మనవి. ఆ తరువాత వచ్చే అంకె ముఖ్యం: 4130 అంటే నాలుగో తరం, 8100 అంటే ఎనిమిదో తరం, 12100 అంటే పన్నెండో తరం. ఆఫీసు పనికి నాలుగో తరం ఐ7 కంటే ఎనిమిదో తరం ఐ3యే ఈ రోజు మంచి బేరం.

ఇక కాటా గది సిస్టమ్ అన్నింటికంటే పాతది, కోర్ 2 డుయో. దాన్ని మేము కదపలేదు. బరువు చూపించే ఇండికేటర్ నుంచి తీగ నేరుగా దాని వెనుక ఉన్న తొమ్మిది పిన్నుల సీరియల్ పోర్టుకు వస్తుంది. కార్బన్ కాపీల స్లిప్పు కొట్టే డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు ప్యారలల్ పోర్టుకు ఉంటుంది. కొత్త బోర్డుల్లో చాలావాటికి వెనుకవైపు ఈ రెండూ రావు. కాటా సాఫ్ట్‌వేర్‌లో కొంత భాగం 16 బిట్ కాలంనాటిది, 32 బిట్ విండోస్ 7లోనే నడుస్తుంది. విండోస్ 11 వచ్చేదే 64 బిట్‌లో కాబట్టి అందులో అది తెరుచుకోదు. ఒక ల్యాప్‌టాప్‌తో పరీక్షించినప్పుడు, యూఎస్‌బీ నుంచి సీరియల్‌కు మార్చే తీగను ఒక పోర్టు నుంచి మరో పోర్టుకు మార్చగానే విండోస్ ఆ సీరియల్ పోర్టుకు ఇచ్చే కామ్ నంబరు మారిపోయి తెర మీద బరువు రావడం ఆగిపోయింది. డివైస్ మేనేజర్‌లో ఆ నంబరును స్థిరం చేస్తే సమస్య తీరుతుంది, కానీ రాత్రి షిఫ్టులో కాటా దగ్గర ఉండే మనిషి ఆ పని చేయాలని ఆశించలేం. కాటా సిస్టమ్‌కు నెట్ లేదు, పెన్‌డ్రైవ్ పెట్టనివ్వం, హార్డ్‌డిస్క్ మొత్తానికి నకలు తీసి మరో డిస్క్‌లో భద్రపరిచాం. దాని బోర్డు 4 జీబీకి మించి ర్యామ్ తీసుకోదు, 32 బిట్ విండోస్ ఆ నాలుగింటినీ పూర్తిగా వాడుకోలేదు. కనుక దాని మీద రూపాయి పెట్టినా వృథాయే. ఇండికేటర్ కంపెనీ 64 బిట్ సాఫ్ట్‌వేర్ ఇచ్చి, దాన్ని మా కాటా మీద లోడు లారీతో నడిపి చూపించిన రోజున, సీరియల్ పోర్టు ఉన్న బోర్డును అడిగి మరీ కొత్తది కొంటాం.