బాతుపిల్ల కాళ్లు వంకర: కట్టు కట్టాలా, నియాసిన్ ఇవ్వాలా?

కోనసీమలో కోడి కింద బాతు గుడ్లు పొదిగించే ఇళ్లలో ఈ టెన్షన్ మామూలే.

కట్టు: గుడ్డులోంచి రాగానే కాళ్లు చెరోపక్కకీ జారిపోతుంటే ఇదే. మెత్తటి టేపుతో రెండు కాళ్లనీ, మామూలుగా నిలబడేంత ఎడం ఉంచి కలపాలి. ఖర్చు దాదాపు లేదు, కాపలా మాత్రం కావాలి, ఎందుకంటే బిగిస్తే పాదాలు వాస్తాయి, కట్టుతో నీళ్ల పళ్లెంలో పడితే మునిగిపోతుంది పాపం. కింద పేపరు వద్దు, జారుతుంది, పాత తువ్వాలు పరవండి.

నియాసిన్: కొన్ని రోజులు పెరిగాక కాళ్లు విల్లులా వంగి, కీళ్లు వాస్తే. బాతుపిల్లకి ఈ బి3 విటమిన్ కోడిపిల్ల కంటే ఎక్కువ కావాలి, ఉత్త నూకలు చాలవు. మేతలో బ్రూయర్స్ ఈస్ట్ (బీరు తయారీలో వచ్చే ఈస్ట్ పొడి, నియాసిన్ ఇందులో ఉంటుంది) కలపడమే, ప్రమాదం తక్కువ. ఆలస్యమైతే వంకర ఉండిపోవచ్చు.

తేలకపోతే రెండూ చేయండి. ఎముక విరిగినట్టుంటే మాత్రం పశువుల ఆసుపత్రికే.