పోర్ట్ ఆర్ఫర్డ్ సీడార్ బాణపు కాడలు: కట్టె మంచిదే, చీటీని నమ్మలేం

టెక్సాస్‌లో ఈ శరదృతువు జింకల వేటకు లాగడానికి 50 పౌండ్ల బలం పట్టే లాంగ్‌బోతో (పొడవాటి వింటితో) వెళ్లాలని, బాణాలు కూడా నేనే చేసుకోవాలని అనుకుని, ఒక చిన్న వ్యాపారి దగ్గర డజను పోర్ట్ ఆర్ఫర్డ్ సీడార్ కాడలు తెప్పించుకున్నాను. ఒక్కొక్కటి 32 అంగుళాల పొడవు, 23/64 అంగుళం మందం. కట్ట మీద అతికించిన చీటీలో స్పైన్, అంటే కాడ వంగకుండా నిలిచే బిగువు, 50–55 పౌండ్లని రాసి ఉంది.

ఆరెగాన్ నైరుతి తీరంలోనూ, దానికి ఆనుకుని ఉన్న కాలిఫోర్నియా వాయవ్య భాగంలోనూ సహజంగా పెరిగే ఈ చెట్టును బాణాలు చేసేవారు ఎందుకంతగా కోరుకుంటారో మొదటి కాడ కొస చెక్కగానే తెలిసింది. చారలు ఈ కొస నుంచి ఆ కొస దాకా తిన్నగా సాగాయి. గదంతా అప్పుడే దంచిన అల్లం వాసన వచ్చింది. నాలుగు కాడలు కాస్త వంకరగా వచ్చినా, స్టవ్ మీద సన్నని సెగ చూపించి, స్క్రూడ్రైవర్ కాడతో గట్టిగా రుద్దితే దారికి వచ్చాయి, ఆ తర్వాత మళ్లీ వంగలేదు.

చిక్కు స్పైన్ దగ్గర వచ్చింది. తాడు వదిలిన క్షణంలో కాడ వంగి, వింటిని దాటుకుని మళ్లీ తిన్నబడుతుంది కాబట్టి, ఆ వంపు అన్నిటికీ ఒకేలా లేకపోతే గురి ఎంత బాగున్నా బాణాలు చెదురుతాయి. దీన్ని కొలవడానికి ఒక పలకకు ఒకదానికొకటి 26 అంగుళాల దూరంలో రెండు మేకులు కొట్టి, వాటి మీద కాడను ఆనించి, వంటింటి త్రాసులో 907 గ్రాములకు, అంటే 2 పౌండ్లకు, సరిచూసిన నీళ్ల సీసాను నడుమ వేలాడదీశాను. కదలికను పదింతలు చేసి చూపే ముల్లు ఒకటి వెదురు పుల్లతో అమర్చాను. కాడ ఎన్ని అంగుళాలు దిగిందో ఆ అంకెతో 26ను భాగిస్తే స్పైన్ వస్తుంది: 0.52 అంగుళం దిగితే 50 పౌండ్లు. తొమ్మిది కాడలు చీటీలో చెప్పినట్టే ఉన్నాయి. రెండు 0.58 దిగాయి, ఒకటి ఏకంగా 0.61, అంటే అది 43 పౌండ్లకు కూడా చాలదు. ఇంత మెత్తని కాడ నాలాంటి కుడిచేతివాటం వాడికి కుడివైపు పోతుంది. ఫొటోలు పంపితే వ్యాపారి మర్యాదగానే బదులిచ్చి రెండు కాడలు పంపాడు, మూడోదాని ఊసెత్తలేదు.

అలంకరణకు మాత్రం ఈ కట్టెకు వంక పెట్టలేను. పాత డ్రిల్లుకు రబ్బరు గొట్టంతో కాడను తగిలించి నెమ్మదిగా తిప్పుతూ, కుంచెను కదపకుండా ఆనించి పట్టుకుంటే, పసుపు, ఎరుపు వలయాలు గాజుల వరుసలా తీరుగా పడ్డాయి. అయితే ముందు ఒక పూత వార్నిష్ తప్పనిసరి. తొందరపడి వదిలేసిన మొదటి కాడలో ఎరుపు రంగు కట్టె చారల వెంట పాకిపోయింది. గడ్డిలో పడినా కనబడేలా వెనుక కొసకు తెలుపు వేశాను. టర్కీ ఈకలను, పాడైన టోస్టర్ నుంచి తీసిన నైక్రోమ్ తీగను వంచి వేడిచేసి, దానితో ఆకారానికి కాల్చాను. వెంట్రుకలు కాలినట్టున్న ఆ కంపు వల్ల మా ఆవిడ ఆ పనిని గరాజుకు మార్పించింది.

మళ్లీ అక్కడే కొంటాను, కాకపోతే డజనుకు బదులు పదిహేను. మెత్తగా తేలిన మూడింటికీ గోధుమరంగు వలయం ఒక్కటే వేసి, మా అబ్బాయి 40 పౌండ్ల వింటికి ఇచ్చేశాను.