డెర్బీకి వెళ్తే హోటల్ బార్‌లో మింట్ జులెప్ తాగకండి

అమెరికాలో కెంటకీ డెర్బీ గుర్రప్పందెం చూడ్డానికి లూయీవిల్ వెళ్లేవాళ్లకు ముందే చెబుతున్నాను. ఆ వారం హోటల్ బార్‌లో మింట్ జులెప్ (బోర్బన్ అనే అమెరికన్ విస్కీలో పుదీనా, పంచదార పాకం, ఐస్ కలిపిన డ్రింక్) అడగొద్దు. మేం దిగిన చోట 22 డాలర్లు తీసుకున్నారు, టిప్పు అదనం. బార్‌లో అతను రెడీమేడ్ సీసా తీసి ప్లాస్టిక్ గ్లాసులో పెద్ద ఐస్ ముక్కల మీద పోసి, వడలిపోయిన పుదీనా రెమ్మ ఒకటి గుచ్చి ఇచ్చాడు. పంచదార పాకం తాగినట్టుంది, బోర్బన్ వాసనే లేదు. తాజాగా కలిపి ఇమ్మంటే "ఈ వారం ఇంతే" అని మొహం తిప్పుకున్నాడు. గది రాత్రికి 480, పార్కింగ్ 45, పైగా కనీసం మూడు రాత్రులు ఉండాలన్న షరతు! మలక్‌పేట రేసులు చూసి పెరిగిన మా బావమరిది ఆ పూట ఎవరితోనూ మాట్లాడలేదు.

శనివారం చర్చిల్ డౌన్స్ రేస్‌కోర్సులో అంతా సాఫీగా జరిగింది. 1875 నుంచి నడుస్తున్న రేసు, మైలుంపావు దూరం, రెండు నిమిషాల్లో అయిపోయింది. ఇన్నేళ్లలో గెలిచిన గుర్రాల పేర్లు అచ్చేసిన జులెప్ గ్లాసు దాచుకున్నాం.

అసలు రుచి ఆదివారం మెయిన్ స్ట్రీట్‌లో ఒక చిన్న బార్‌లో దొరికింది, 14 డాలర్లకే. అక్కడి అమ్మాయి గుడ్డసంచిలో ఐస్ వేసి చెక్క సుత్తితో పొడిపొడిగా దంచింది. పుదీనాకులను కప్పు అడుగున మెల్లగా నొక్కింది, అంతే. గట్టిగా నలిపితే చేదెక్కుతుందట. కాస్త పాకం, బోర్బన్, పైన గోపురంలా ఐస్ పొడి, గుత్తిగా పుదీనా. వెండి కప్పు చూస్తుండగానే తెల్లగా మంచు పట్టింది. స్ట్రా కావాలనే పొట్టిగా పెడతారు, తాగడానికి వంగితే ముక్కు పుదీనాలోకే వెళ్తుంది. బావమరిది రెండోది కూడా చెప్పాడు, మాటలూ మొదలుపెట్టాడు. మా అత్తయ్యగారికి మందు లేకుండా నిమ్మరసంతో చేసిచ్చారు, 6 డాలర్లు. "మజ్జిగలో వేసుకునే పుదీనాకి ఇంత వాసనుందా!" అని ఆవిడ కప్పు పూర్తిగా ఖాళీ చేశారు.

భోజనానికి బ్రౌన్ హోటల్‌లో 1926లో పుట్టిన హాట్ బ్రౌన్ తినండి. బ్రెడ్ మీద టర్కీ, చీజ్ సాస్, బేకన్. శాకాహారులకు పనికిరాదు. రేసు మీద పట్టుదల లేకపోతే డెర్బీ వారం తప్పించి వెళ్లండి, ట్రాక్ పక్కనే ఉన్న డెర్బీ మ్యూజియం చూడొచ్చు. వచ్చే ఏడు ప్రీక్‌నెస్ అనే ఇంకో గుర్రప్పందేనికి వెళ్లి అక్కడి బ్లాక్-ఐడ్ సూసన్ డ్రింక్ తాగుదామంటున్నాడు బావమరిది. సరేనన్నాను, గది మాత్రం ఊరికి దూరంగా నేనే బుక్ చేస్తాను.